ఖానాపూర్‌లో ముసలితనం ఎన్ని రకాలు?

మనిషి ఎప్పుడు ముసలివాడవుతాడు? వెనుకట దీనికి జవాబు సులువు. మోకాళ్లు చెప్పేవి, కళ్లు చెప్పేవి. అవి దాచిపెడితే కోడలు చెప్పేది. ఇప్పుడు వాళ్లెవరి మాటా చెల్లదు. జీవో చెప్పాలి.

మా ఖానాపూర్ బస్టాండులో ఒక పూట నిలబడి లెక్క తీయండి. వృద్ధాప్య పింఛను అడిగే మనిషి 57 ఏండ్లకే ముసలివాడు. 2022 ఆగస్టు నుంచి రాష్ట్రం అలా ఒప్పుకుంది. అదే మనిషి ముసలితనానికి కేంద్రం తన వంతు 200 రూపాయలు వేయాలంటే మాత్రం 60 నిండాలి. ప్రావిడెంట్ ఫండు పుస్తకంలో ముసలితనం 58కి మొదలవుతుంది. సర్కారు బడి సారుకు 61కి. పెన్‌గంగ వంతెన దాటి మహారాష్ట్రలో అడుగు పెడితే అక్కడి గుమాస్తా 58కే ముసలి. కిందికి ఆంధ్రకు పోతే 62 దాకా పడుచువాడే. మళ్లీ పడుచువాడు కావడానికి చ్యవన మహర్షికి అశ్వినీ దేవతలు కావలసి వచ్చారు. మనకు పెన్‌గంగ అవతల ఎక్కి విజయవాడలో దిగే బస్సు చాలు, నాలుగేండ్ల వయసు దారిలోనే రాలిపోతుంది.

ఈ అంకెల్లో ఒక్కటి కూడా మనిషి ఒంటిని చూసి వేసింది కాదు. అన్నీ ఖజానా పెట్టె మూత తీసి, లోపల ఎంతుందో చూసి వేసినవే. పెట్టె ఖాళీగా ఉంటే మనిషి ఇంకా గట్టిగానే ఉన్నట్టు. ఓట్లు దగ్గర పడితే మనిషి తొందరగా ముసలివాడైనట్టు. ఎప్పుడు కొలువు దిగాలి, ఎప్పుడు పింఛను అందుకోవాలి అని జనం వేళ్లు మడిచి లెక్కలేసుకుంటున్నారు. పాపం, ఆ లెక్క ముందే ఎక్కడో వేసేశారు, జవాబు కింద మన సంతకం ఒక్కటే మిగిలింది.

మా బావ సంగతే చూడండి. ఆయన లెక్కల సారు. ఎప్పుడు పుట్టాడని వాళ్లమ్మను అడిగితే, “కడెం కట్ట తెగినంక ఐదో ఏడు, మక్క కంకి పాలు పట్టే యాళ్ల” అనేది. కడెం కట్ట మీంచి వరద పొర్లి తెగింది 1958 ఆగస్టులో. ఇంతకంటే పక్కా ఆధారం ఏ చరిత్రకారుడిస్తాడు? కానీ బడిలో వేసిన రోజు పెద్దసారు రిజిస్టరులో 1963 జూలై 1 అని రాసుకున్నాడు. ఆ రోజు చేరిన పిల్లలందరికీ అదే తేదీ. ఊరిపిల్లలంతా ఒకే రోజు పుట్టారు. ఉన్నది ఒక్క మంత్రసాని, ఆమె పడ్డ అవస్థ ఊహించుకోండి.

యాభై ఏండ్ల తర్వాత ఆ కలం గీత విలువ తెలిసింది. సర్వీసు పుస్తకంలో ఎక్కిన పుట్టిన తేదీని మార్చకూడదని 1984లోనే నిబంధనలు వచ్చాయి. కన్నతల్లి వచ్చి సాక్ష్యం చెప్పినా కుదరదు. పైగా ఒకటో తారీఖున పుట్టినవాడు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలి. జూలై 1న పుట్టినందుకు జూన్ 30న ఇంటికి పోవాలి, జూలై 1న పడే ఇంక్రిమెంటు గుమ్మం అవతల నిలబడి చెయ్యూపుతుంది. ఏడాదంతా చేసిన పనికి వచ్చే ఇంక్రిమెంటు ఒక్క రోజు తేడాతో ఎట్లా పోతుందయ్యా అని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో అడగాల్సి వచ్చింది. ఆ పెద్దసారు ఆ పూట జూలై 2 అని రాసి ఉంటే అంత పెద్ద కోర్టుకు అంత పని పడేదే కాదు.

బావకు 19 ఏండ్లున్నప్పుడు ఎన్టీ రామారావు కొత్తగా గద్దెనెక్కాడు. ఎక్కీ ఎక్కగానే పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు దించాడు. 55 దాటినవాళ్లంతా 1983 ఫిబ్రవరి 28 సాయంత్రం కుర్చీలు ఖాళీ చేసి రావాల్సిందే. పొద్దున గట్టిగా ఉన్న వేలాది మంది సాయంత్రానికి ముసలివాళ్లయ్యారు. ఆ రోజు మా బావ చౌరస్తాలో లడ్డూలు పంచాడు. ముసలోళ్లు దిగితేనే కదా పడుచోళ్లకు కొలువులు! ఏడాదిన్నర తిరగక ముందే, 1984 ఆగస్టులో, అంకె మళ్లీ 58కి ఎక్కింది. 55కు దించడం తప్పేమీ కాదని సుప్రీంకోర్టు 1985 జనవరిలో తీర్పిచ్చేనాటికి ఆ 55 బతికి లేదు. పెండ్లికొడుకు పారిపోయినంక ముహూర్తం మంచిదేనని పంతులు తేల్చినట్టు.

తర్వాత బావ సారయ్యాడు. జుట్టు నెరిసింది. 2021 జూన్ 30న దిగిపోవాలి. సన్మానానికి శాలువాలు కూడా మాట్లాడుకున్నారు. అంతలో మార్చిలో కేసీఆర్ అసెంబ్లీలో లేచి 30 శాతం ఫిట్‌మెంటు, దానితోపాటు 61 ఏండ్ల కొలువు అని ప్రకటించాడు. బావ మళ్లీ లడ్డూలు పంచాడు. అదే చౌరస్తా, అదే మిఠాయి దుకాణం. 38 ఏండ్ల కింద ముసలోళ్లు దిగిపోవాలని పంచిన చెయ్యే ముసలోళ్లు దిగొద్దని పంచింది. ఒక్క లడ్డూ మాత్రం ఎవరూ తినకుండా డబ్బాలో మిగిలిపోయింది. అది కొడుకుది. పిల్లగాడు అప్పటికి మూడేండ్లుగా హైదరాబాద్‌లో ఇరుకు గదిలో ఉంటూ గ్రూపుల కోసం చదువుతున్నాడు. తండ్రి కుర్చీకి మూడేండ్లు కలిస్తే కొడుకు కుర్చీకి మూడేండ్లు తరుగు. నన్ను పక్కకు పిలిచి, “మామా, నాయిన ఇంకో మూడేండ్లు పడుచోడట. ఇగ ఆయన పడుచుతనం అయిపోయేసరికి నేను ముసలోణ్ని అయిత” అన్నాడు.

వయసు పెంచింది పెద్దల మీద ప్రేమతోనే అనుకున్నాం. లెక్కల సారే అసలు కిటుకు విప్పి చెప్పాడు. ఎవరూ దిగకపోతే దిగేటప్పుడు ఇవ్వాల్సిన మూటలూ ఇవ్వక్కర్లేదు. మూడేండ్లు ఖజానా హాయిగా ఊపిరి తీసుకుంది. 2024 మార్చి ఆఖరు నుంచి గేట్లు తెరుచుకున్నాయి, దిగేవాళ్ల వరద మొదలైంది. అంతకు నాలుగు నెలల ముందే సర్కారు మారింది. పాతాయన వండకుండా పోయాడు, కొత్తాయన వడ్డించకుండా నిలబడ్డాడు. మధ్యలో విస్తరి ముందు మా బావ.

2024 జూన్ 30న సన్మానం ఘనంగా జరిగింది. శాలువా మీద శాలువా కప్పారు. ఎండ దంచుతుంటే ఉన్ని శాలువాల కింద లెక్కల సారు ఉడికిపోయాడు. దండ, జ్ఞాపిక, గ్రూప్ ఫోటో, కోడికూర భోజనం. “శేషజీవితం ప్రశాంతంగా గడపాలి” అని వక్తలంతా దీవించారు. నెలనెలా పింఛను మొదలైంది, ఆ మాట ఒప్పుకోవాలి. రావాల్సిన మూటలు మాత్రం, అంటే గ్రాట్యుటీ, కమ్యుటేషన్, జీపీఎఫ్, దాచుకున్న సెలవుల డబ్బు, బిల్లులై, ఆ బిల్లులకు టోకెన్ నంబర్లు పడి, పేరులో కుబేరుడున్న ఒక కంప్యూటరులోకి వెళ్లాయి. వెళ్లినవి వెళ్లినట్టే ఉన్నాయి. జీపీఎఫ్ అంటే సర్కారు పెట్టే దానం కాదు, ఆయన జీతంలోంచి ఆయనే దాచుకున్న సొమ్ము. కమ్యుటేషన్ అంటే రేపటి పింఛనులో 40 శాతం దాకా ఇవాళే సర్కారుకు అమ్ముకోవడం. అమ్మిన ముక్క పింఛనులో మళ్లీ కలవాలంటే 15 ఏండ్లు ఆగాలి.

ఏడుకొండలవాడు పెండ్లికి కుబేరుడి దగ్గర అప్పు తెచ్చి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని చెప్పుకుంటాం. ఆ కుబేరుడు ఎంతైనా పెద్దమనిషి, అడగగానే ఇచ్చాడు. ఈ కొత్త కుబేరుడు బిడ్డ పెండ్లి పెట్టుకున్నవాడి సొమ్మునే దాచుకుని కూర్చున్నాడు. వడ్డీ ఊసు లేదు. బావ ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫోన్‌లో టోకెన్ చూస్తాడు. ముప్పై ఏండ్లకు పైగా పిల్లలకు కాలము-పని లెక్కలు చెప్పినవాడు. నలుగురు మనుషులు ఒక గోడను ఆరు రోజుల్లో కడితే ఒక సర్కారు ఒక బిల్లును ఎన్ని రోజుల్లో కడుతుంది? ఈ లెక్క ఆయనకూ రావడం లేదు.

బడిలో ఆయన కింద పనిచేసిన చిన్నసార్లు ఇప్పుడు టీ కొట్టు దగ్గర గుసగుసలు పోతున్నారు. ఇరవై ఏండ్ల సర్వీసు దాటితే స్వచ్ఛందంగా దిగిపోవచ్చు కదా, ముందు దిగితే క్యూలో ముందుంటామా? లేదు, 33 ఏండ్లు నిండితేనే పూర్తి పింఛను, ఆగుదామా? ఆగితే క్యూ ఇంకా పెరుగుతుందా? రైలు రాదని తెలిసిన స్టేషన్‌లో ముందు పెట్టె ఎక్కాలా వెనక పెట్టె ఎక్కాలా అని వాదులాట.

మేనల్లుడికి ఆఖరికి కొలువు వచ్చింది. రాగానే తెలిసిందేమంటే ఆ కొలువుకు తోక లేదు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకు నాయిన పింఛను లేదు. జీతంలో 10 శాతం కోసి సర్కారు తన వాటా కలిపి బజార్లో పెడుతుంది, మిగిలింది దేవుడి దయ. ఇప్పుడా ఇంట్లో పొద్దున్నే ఇద్దరూ ఫోన్లు పట్టుకుంటారు. తండ్రి కుబేరుణ్ని చూస్తాడు, కొడుకు సెన్సెక్స్ చూస్తాడు. మా అక్క ఇద్దరినీ చూస్తుంది.

ఇంతేనా అనుకుంటే ఇటు మంచిర్యాల దిక్కు పొండి, సింగరేణి గనులున్నాయి. అక్కడా 2021లో వయసు 61 చేశారు. కానీ అక్కడి కార్మికుడికి 61 దాకా గట్టిగా ఉండటం నష్టం. ఎందుకంటారా? వారసత్వ ఉద్యోగాలను 2017లో హైకోర్టు కొట్టేసింది. మిగిలింది ఒక్క దారి, మెడికల్ అన్‌ఫిట్. ఇంకా రెండేండ్ల సర్వీసు మిగిలి ఉండగానే వైద్యుల బోర్డు ముందు నిలబడి ఈ ఒళ్లు ఇక పనికిరాదని తేల్చుకోవాలి. అప్పుడు కొడుక్కి కొలువు. ఆ కొడుకుకూ వయసు దాటొద్దు. మొదట 35 అన్నారు, తర్వాత 40 చేశారు.

మందమర్రిలో నాకో దోస్తున్నాడు. పాతికేండ్లకు పైగా భూమి కింద బొగ్గు తవ్వాడు. ఊపిరాడదు, నడుం వంగదు, చెవి సరిగ్గా వినపడదు. బోర్డుకు పోయి వచ్చి మంచంలో కూలబడ్డాడు. “ఏమైందిరా?” అంటే ఏడుపు గొంతుతో, “మంచిగున్నవ్ పో అన్నర్రా” అన్నాడు. లోకంలో ఎక్కడైనా డాక్టరు ఆ మాటంటే మిఠాయి పంచుతారు. ఆ ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలగలేదు. తండ్రి రోగం మీద కొడుకు బతుకు ఆధారపడేట్టు రూలు రాసినవాళ్లు దానికి పెట్టిన పేరు కారుణ్య నియామకం. కరుణ అనే మాటకు తెలుగులో ఇంకో అర్థం ఉందని నిఘంటువులకు ఇంకా తెలిసినట్టు లేదు.

ఇటు గల్ఫ్‌కు పోయినవాళ్ల సంగతి చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. వాళ్లు వీసా అయిపోయిన రోజు ముసలివాళ్లవుతారు, పింఛను కింద ఒక అట్టపెట్టె, రెండు దుప్పట్లు తెచ్చుకుంటారు.

ముసలితనం అసలే అంటని జాతి కూడా ఒకటుంది. ఓట్లడిగేవాడికి దిగే వయసు లేదు. పెద్ద ఆఫీసర్లలో కొందరు సాయంత్రం శాలువా కప్పించుకుని పొద్దున్నే మళ్లీ అదే కుర్చీలో ప్రత్యక్షమవుతారు, ఈసారి కొనసాగింపనో సలహాదారనో కొత్త పలక తగిలించుకుని. 2025 మార్చి ఆఖరున ఇట్లా రిటైరై కూడా కుర్చీ వదలనివాళ్లను రాష్ట్రం ఏరితే లెక్క ఆరు వేలు దాటింది. 61 అన్న రూలు కింది కుర్చీలకే గట్టిగా తగులుతుంది. పై కుర్చీల్లో మెత్తలుంటాయి కదా.

ఇక మా వదిన. మా ఇంట్లో పింఛను తీసుకుంటూ పని చేస్తున్న మనిషి ఆమె ఒక్కతే. సలహాదారులకు చుట్టమేం కాదు. ఆమె బీడీలు చుడుతుంది.

పన్నెండేండ్లప్పుడు ఒళ్లో పెట్టుకున్న చాట ఇప్పటికీ దించలేదు. తునికాకు తడిపి, కత్తెరతో కోసి, ఇంత తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడుస్తుంది. మాట్లాడుతూ చుడుతుంది, టీవీ చూస్తూ చుడుతుంది, మా అన్న పోయి పదకొండో దినం కాగానే మళ్లీ చుట్టింది. రాష్ట్రం ఇచ్చే బీడీ కార్మికుల జీవన భృతి ఆమెకు వస్తుంది, 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉంది కనుక. పక్కింటి పడుచుకు ఆ తర్వాత పీఎఫ్ పడింది, ఆమెకు రాలేదు. ఒకే అరుగు, ఒకే ఆకు, ఒకే నడుం నొప్పి. ఫిబ్రవరి 28 అనే తారీఖుకు మనవాళ్ల మీద ఏదో పాతపగ ఉన్నట్టుంది.

భృతి 2016 రూపాయలు. 2019లో ఆ అంకె అయింది. 2016 అంటే మా నిర్మల్ జిల్లా పుట్టిన ఏడు. జిల్లాకు ఏటా వయసు పెరుగుతోంది, పింఛను మాత్రం పురిట్లోనే ఉంది. 2023 ఎన్నికల్లో దాన్ని 4000 చేస్తామన్నారు. క్యాలెండరు 2024కు తిరిగింది, పింఛను 2016లోనే ఆగింది. క్యాలెండర్‌ను పట్టుకునేది ఎట్లాగూ కాదు, ఆ 4000 వస్తే మాత్రం ఒక్క దెబ్బకు రెండు వేల ఏండ్లు ముందుకు దూకుతాం.

ఆ మధ్య వదినకు ఆధార్ ప్రకారం 58 దగ్గర పడ్డాయి. ఆధార్‌లో ఆమె పుట్టింది జనవరి 1న. బావ ఊళ్లో అందరూ జూలై 1న పుడితే వదిన ఊళ్లో అందరూ జనవరి 1న పుట్టారు. పీఎఫ్ పింఛను కాగితాలు నింపాలి. 50 దాటినప్పుడే తీసుకోవచ్చు, కానీ 58కి ఎన్నేండ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత. 58కి తీసుకుంటే కోత లేదు. 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం ఎక్కువ. “అన్నా, ఆగాల్నా, ఇప్పుడే తీస్కోవాల్నా?” అని వదిన బావను అడిగింది.

లెక్కల సారుకు ఎన్నాళ్లకో జవాబున్న లెక్క దొరికింది. సన్మానం కార్డులు మిగిలిపోయి ఉన్నాయి, ఒకటి తిరగేసి కలం తీశాడు. జీతం లెక్క మూడు వేలనుకుందాం. సర్వీసు 20 ఏండ్లు, దానికి బోనస్ రెండేండ్లు. మూడు వేలను 22తో గుణించి 70తో భాగించు. 943 రూపాయలు. వెయ్యికి తక్కువ ఇవ్వొద్దని 2014లో కేంద్రం దయతలచింది కనుక వెయ్యి. రెండేండ్లు ఆగితే 943 మీద 8 శాతం, 1018. అంటే నెలకు 18 రూపాయలు లాభం. కానీ ఆగిన రెండేండ్లలో పోయింది 24 వేలు. నెలకు 18 చొప్పున ఆ 24 వేలు రాబట్టుకోవాలంటే...

బావ కలం ఆగింది. మళ్లీ భాగించాడు. కళ్లద్దాలు తీసి తుడిచాడు.

“నూట పదకొండేండ్లు పడ్తది చెల్లె.”

వదిన దారం కొరికి, “గట్లనా? అయితే ఆగుత తియ్యన్నా. నీ టోకెన్ గూడ గప్పుడే వస్తదేమో, ఇద్దరం కలిసే పోదాం” అంది.

బావ నవ్వలేకపోయాడు. జీవితమంతా దిగే రోజు కోసం లెక్కలేసుకున్న మనిషి ఆయన, దిగాడు, చేతులు ఖాళీ. దిగే రోజనేదే లేని మనిషి ఆమె. కొలువు మానినాయనకు మూట రాలేదు, మందులకైనా చాలని పింఛను ఆమెను పని మాననివ్వలేదు. ఎప్పుడు దిగాలి అన్న ప్రశ్న ఉన్నవాడికి ఒక బెంగ. ఆ ప్రశ్న కూడా లేనిదానికి ఒక చాట.

ఆ నెల భృతి ఇచ్చే రోజు వదినకు తోడు నేను పోయాను. బెంచీ మీద మిషిన్. దాని మీద వేలు పెడితే సర్కారు మనిషిని గుర్తుపడుతుంది. వదిన కుడి బొటనవేలు పెట్టింది. ఎర్రలైటు. చీర కొంగుకు తుడిచి మళ్లీ పెట్టింది. ఎర్రలైటు. చూపుడు వేలు. ఎర్రలైటు. పైసలిచ్చే సారు విసుక్కుని, “ఏందమ్మా, నీ వేళ్లకు గీతలే లేవు” అన్నాడు. నేను వంగి చూశాను. నిజమే. తునికాకు, తంబాకు, దారం కలిసి నలభై ఏండ్లుగా అరగదీసిన వేళ్లు, ఒలిచిన చింతగింజల్లా నున్నగా ఉన్నాయి. బీడీ కార్మికురాలని నిరూపించుకోవడానికి అంతకు మించిన సాక్ష్యం ఎక్కడుంటుంది? ఆ సాక్ష్యమే పనికి రాదంది మిషిన్. తర్వాత 2025లో మొహం గుర్తుపట్టే పద్ధతి తెచ్చారు. చేతుల పని అయిపోయింది, ఇక మొహాల వంతు.

ఆఖరికి ఎడమ చెయ్యి ఉంగరం వేలు పాసైంది. ఆ వేలికి బీడీలతో పని తక్కువ. సారు రెండు వేలు లెక్కపెట్టి ఇచ్చాడు. పదహారుకు చిల్లర లేదన్నాడు. వదిన ఏమీ అనలేదు. రెండేండ్లు ఆగితే దొరికే లాభం పద్దెనిమిది, రెండు నిమిషాలు ఆగకపోతే పోయేది పదహారు. ఆ లెక్క బావకు చెప్పొద్దనుకున్నాను.

ఇంటికొచ్చి కూర్చోగానే మళ్లీ చాట ఒళ్లోకి లాక్కుంది. నాకు ఉండబట్టలేదు.

“వదినా, ఇగ మానెయ్యరాదు?”

“మానేస్తే వేళ్ల మీద గీతలు మల్ల మొలుస్తయంట తమ్మీ, ఆ సారే చెప్పిండు” అంటూ కత్తెర అందుకుంది. “మొలిచేదాంక తినేదేంది?”